గుమ్మం దాకా వచ్చిన పరిశోధన: విజయనగరం జిల్లాలో ఐసీఎంఆర్ సీరో సర్వే

2020 మే నెలలో మా ఊరి పొలిమేరలో దారికి అడ్డంగా తాటి దుంగలు వేసి ఉండేవి. బయటివారెవరూ లోపలికి రాకూడదని ఊరి పెద్దలు చేసిన కట్టడి అది. ఆ దుంగల అవతల జీపు ఆపి, మాస్కులతో, చేతిలో మంచు పెట్టెతో నడిచి వచ్చిన నలుగురు మమ్మల్ని అడిగింది ఒక్కటే: ఇంటికి ఒక్కరు చొప్పున, ఒక చిన్న గొట్టానికి సరిపడా రక్తం. భారత వైద్య పరిశోధన మండలి, అంటే అందరూ ఐసీఎంఆర్ అని పిలిచే సంస్థ, కోవిడ్ ఎంతమందికి సోకిందో రక్త పరీక్షల ద్వారా లెక్కగట్టడానికి దేశమంతటా జరిపిన సీరో సర్వే అది. నాలుగు విడతల్లోనూ దగ్గర నుంచి చూసినవాడిగా, దాన్ని ప్రజలకు అందిన ఒక సేవగా భావించి ఈ సమీక్ష రాస్తున్నాను.

అప్పటి 13 జిల్లాల ఆంధ్రప్రదేశ్‌లో అన్నింటికంటే ఆఖరున కేసు నమోదైన జిల్లా విజయనగరం. మే మొదటి వారం దాకా ఇక్కడ ఒక్క కేసూ లేదు. అందుకే మా పెద్దమ్మ ఆ బృందాన్ని అరుగు మీద కూర్చోబెట్టి, "మాకేటీ రోగం నేదు గదా బాబూ, మా నెత్తురెందుకు?" అని అడిగింది. ఆ ప్రశ్నకు వారిచ్చిన జవాబులోనే సర్వే ఉద్దేశమంతా ఉంది. ముక్కులో నుంచి తీసే నమూనా ఈరోజు వైరస్ ఉందా లేదా అన్నది మాత్రమే చెబుతుంది. వైరస్‌ను ఎదుర్కోవడానికి ఒంట్లో పుట్టి రక్తంలో మిగిలే యాంటీబాడీలు ఎప్పుడో వచ్చి, తెలియకుండానే పోయిన వ్యాధిని కూడా పట్టిస్తాయి. కేసులు లేవంటే వ్యాధి లేదని అర్థమా, పరీక్షలు జరగలేదని అర్థమా అన్నది తేలాలంటే, కేసులు లేని చోటికే వెళ్లి వెతకాలి. అందుకోసమే నమోదైన కేసుల సంఖ్యను బట్టి జిల్లాలను వర్గాలుగా విడదీసి, 21 రాష్ట్రాల్లో 70 జిల్లాలను ఎంచుకున్నారు. మన రాష్ట్రం నుంచి కృష్ణా, నెల్లూరు, విజయనగరం వాటిలో ఉన్నాయి.

ఈ సేవలో నాకు అన్నింటికంటే నచ్చింది ఆ ఎంపికలోని నిక్కచ్చితనం. జిల్లాకు పది ఊళ్లు లేదా వార్డులు, ఒక్కోచోట నలభై మంది, మొత్తం నాలుగు వందల మంది పెద్దలు. ఏ ఇంట్లో ఎవరు ఇవ్వాలో ఇంటి పెద్ద చెప్పడానికి వీల్లేదు. వారి దగ్గరున్న పట్టిక ప్రకారం ఎవరి వంతు వస్తే వారే. మా ఇంట్లో ఆ వంతు పెద్దమ్మకు వచ్చింది. పెదనాన్న కాస్త నొచ్చుకొని, తానుండగా ఆడమనిషి రక్తం ఎందుకని అడ్డుపడితే, ఆ బృందంలోని అమ్మాయి విసుక్కోకుండా పది నిమిషాలు కూర్చొని వివరించింది. ముందుకొచ్చిన వారి దగ్గరే తీసుకుంటే ధైర్యవంతుల లెక్క వస్తుంది గాని ఊరి లెక్క రాదని ఆమె చెప్పిన మాట నాకు ఇప్పటికీ గుర్తుంది.

ఒక పరిశోధన సంస్థ మహమ్మారికి తగినట్టు తనను తాను ఎలా మలచుకుందో ఆ చిన్న గొట్టం వెనక చూడవచ్చు. 2020 జనవరిలో దేశంలో ఈ వైరస్‌ను పరీక్షించగలిగినది ఐసీఎంఆర్‌కు చెందిన పుణే జాతీయ వైరాలజీ సంస్థ. ఆ సంస్థే మే నెలకల్లా యాంటీబాడీలను గుర్తించే ఎలైజా అనే రక్త పరీక్ష కిట్‌ను తయారు చేసింది. ఒకేసారి 90 నమూనాలను రెండున్నర గంటల్లో పరీక్షించగల ఆ కిట్‌కు 'కోవిడ్ కవచ్' అని పేరు పెట్టారు. సర్వే రూపకల్పన వ్యాధుల వ్యాప్తిని అధ్యయనం చేసే చెన్నైలోని జాతీయ ఎపిడెమియాలజీ సంస్థ చూసుకుంది. రక్త నమూనాలు చెన్నైలోని క్షయ పరిశోధన సంస్థకు చేరాయి. క్షయ మీద పనిచేసే ప్రయోగశాల కోవిడ్ నమూనాలు అందుకోవడం, క్షయ పరీక్షల్లో వాడుతున్న ట్రూనాట్ యంత్రాలను మన జిల్లాల్లో కోవిడ్ పరీక్షలకు తిప్పుకోవడం, ఈ రెండూ ఒకే తీరు ఆలోచనలు. చేతిలో ఉన్న మనుషులను, యంత్రాలను కొత్త పనికి మళ్లించడమే ఆ రోజుల్లో సరైన దారి అని నా నమ్మకం.

లోపమూ చెప్పాలి. మే, జూన్‌లలో సేకరించిన నమూనాల తొలి అంకె, అంటే వంద మందిలో 0.73 మందికి వ్యాధి సోకిందన్నది, జూన్‌లోనే బయటికి వచ్చింది గాని పూర్తి పరిశోధన పత్రం సెప్టెంబరు దాకా వెలువడలేదు. మే మొదట్లోనే దేశంలో సుమారు 64 లక్షల మంది పెద్దలకు వ్యాధి సోకి ఉంటుందని, కేసులు లేని జిల్లాల్లోనూ అది కనిపించిందని ఆ పత్రం చెప్పింది. అంత ముఖ్యమైన సంగతి వానాకాలం మొదట్లోనే పూర్తి వివరాలతో అందివుంటే బాగుండేది. పైగా నాలుగు వందల మందితో దేశం లెక్క తేలుతుంది గాని జిల్లా లెక్క గట్టిగా తేలదు. ఆ కొరతను రాష్ట్ర ప్రభుత్వం విడిగా చేసిన సర్వే తీర్చింది: సెప్టెంబరులో ప్రకటించిన ఫలితాల్లో రాష్ట్రం మొత్తం మీద 19.7 శాతం మందిలో యాంటీబాడీలు కనిపిస్తే, విజయనగరంలో 30.6 శాతం, అన్ని జిల్లాల కంటే ఎక్కువ. నాలుగు నెలల కిందట ఒక్క కేసూ లేదని నిశ్చింతగా ఉన్న జిల్లా ఇది. పెద్దమ్మ అడిగిన ప్రశ్నకు నాకు అసలైన జవాబు దొరికింది ఆ రోజే.

రెండో విడత ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో అవే 700 ఊళ్లు, వార్డుల్లో జరిగింది. పదేళ్లు దాటిన పిల్లలను కూడా ఈసారి చేర్చారు. దేశం లెక్క 6.6 శాతానికి చేరింది. అదే ఊరికి మళ్లీ రావడంలో ఎంత విలువ ఉందో మా వీధిలో చూశాను. అప్పటికి దుంగలు తీసేశారు. మేలో తలుపులు వేసుకున్న ఇళ్లవాళ్లే కుర్చీలు తెచ్చి వేశారు. దానికి కొద్ది రోజుల ముందే మా మావయ్య పట్టణంలోని ఒక ప్రైవేటు కేంద్రంలో డబ్బు కట్టి పరీక్ష చేయించుకుంటే, ఫలితం ఆరో రోజున, ఆయనకు జ్వరం తగ్గాక వచ్చింది. ఎందుకు ఆలస్యమైందో చెప్పిన మనిషి అక్కడ లేడు. గుమ్మం ముందు నిలబడి ప్రతి ప్రశ్నకూ ఓపికగా బదులిచ్చిన బృందం మీద మాకు గౌరవం పెరగడానికి అదీ ఒక కారణమే.

మూడో విడత 2020 డిసెంబరు, 2021 జనవరి నెలల్లో, నాలుగోది రెండో ఉద్ధృతి చల్లారుతున్న 2021 జూన్, జూలై నెలల్లో జరిగాయి. నాలుగో విడతలో దేశవ్యాప్తంగా 67.6 శాతం మందిలో యాంటీబాడీలు కనిపించాయి. ఆరేళ్ల పిల్లల నుంచి నమూనాలు తీసుకోవడం అదే మొదటిసారి. మా చెల్లెలి కూతురికి అప్పుడు తొమ్మిదేళ్లు. తల్లిదండ్రుల సంతకం అయ్యాక కూడా, ఆ బృందంలోని వ్యక్తి నేల మీద గొంతుక్కూర్చొని, సూది ఎంతసేపు నొప్పి పెడుతుందో, ఆ రక్తం ఎక్కడికి వెళుతుందో చెప్పి, ఇష్టం లేకపోతే వద్దనవచ్చని పాపకే చెప్పాడు. అది కాసేపు ఆలోచించి, పెద్దమ్మ వైపు చూసి, "ఏ సెయ్యి ఇవ్వాల?" అని అడిగింది.