ఇషాపూర్ త్రీ నాట్ త్రీ: పోస్టులో తెప్పించిన రెండు రైఫిళ్ళు, పన్నెండేళ్ళ వాడకం

మా మేనమామ ఆర్మ్‌డ్ రిజర్వ్‌లో కానిస్టేబుల్. సెలవులకి కర్నూలు వెళ్ళినప్పుడల్లా ఆయన భుజాన త్రీ నాట్ త్రీ రైఫిల్ చూడటమే, ముట్టుకోనిచ్చింది లేదు. "దూరం జరగరా, దానికి గీత పడితే నా జీతంలో కోస్తారు" అనేవాడు. డాలస్ దగ్గర స్థిరపడి గ్రీన్ కార్డ్ వచ్చాక (హెచ్1బీ మీద ఉన్నన్నాళ్ళూ తుపాకుల జోలికే పోలేదు, ఆ రూల్స్ వేరే తలనొప్పి) సైన్యాలు వదిలేసిన పాత సరుకు అమ్మే ఒక సర్‌ప్లస్ కంపెనీ కేటలాగ్‌లో "ఇషాపూర్, ఇండియన్ ఆర్మీ" అన్న మాట కనబడింది. ఇక ఆగలేదు. 2011లో ఒకటి, రెండేళ్ళకి ఇంకొకటి తెప్పించాను. రెండూ కోల్‌కతా దగ్గరి ఇషాపూర్ ఫ్యాక్టరీలో తయారైన నంబర్ 1 మార్క్ 3 స్టార్ (బ్రిటిష్ లీ-ఎన్‌ఫీల్డ్‌లో ఒక మోడల్) రైఫిళ్ళే.

పోస్టులో తుపాకీ ఎలా వస్తుందని అందరూ అడుగుతారు. మామూలుగా రాదు. 1963లో కెన్నెడీని కాల్చిన ఇటాలియన్ సర్‌ప్లస్ రైఫిల్‌ని ఆస్వాల్డ్ 19.95 డాలర్లకి, పోస్టేజీ అదనంగా, దొంగ పేరుతో పోస్టులోనే తెప్పించుకున్నాడు. 1968లో అమెరికా తుపాకుల చట్టం వచ్చాక ఆ దారి మూసేశారు. కానీ 50 ఏళ్ళు దాటిన పాత ఆయుధాలు సేకరించేవాళ్ళకి ఒక లైసెన్స్ ఉంది, మూడేళ్ళకి 30 డాలర్లు, దాని కాపీ పంపితే సరుకు ఇంటికే వస్తుంది, ప్రతి కొనుగోలూ ఒక పుస్తకంలో రాసుకోవాలి. అంతే.

మొదటిది 170 డాలర్లు. కేటలాగ్‌లో "వెరీ గుడ్" అని రాశారు, ఇంకో 20 ఇస్తే "హ్యాండ్ సెలెక్ట్", అంటే ఉన్నవాటిలో మంచిది ఏరి పంపుతారట. ఇచ్చాను. ఏరినవాడు ఏం చూసి ఏరాడో నాకు పన్నెండేళ్ళ తర్వాత కూడా తెలీదు. పెట్టె తెరిస్తే నల్లటి గ్రీజు ముద్ద, మధ్యలో చెక్క బాగా నిగనిగలాడుతోంది. నేను చెక్క చూసి మురిసిపోయాను. బ్యారెల్ లోపల కూడా గ్రీజే కాబట్టి లైట్ వేసి చూస్తే అద్దంలా మెరిసింది. అక్కడే పప్పులో కాలేశాను. గ్రీజు నిండిన బ్యారెల్ ఎప్పుడూ మెరుస్తుంది. నల్ల చెత్త సంచిలో చుట్టి టెక్సస్ ఎండలో కారులో రెండు రోజులు పెట్టి (ఆ కంపుకి మా ఆవిడ "ఏమండీ, ఈ కారులో పిల్లల్ని స్కూలుకి ఎవరు తీసుకెళ్తారు?" అని మొదలుపెట్టింది), కారినదంతా తుడిచి, మినరల్ స్పిరిట్స్‌తో కడిగి మళ్ళీ చూస్తే లోపలంతా తుప్పు గుంటలు.

గుంటలు కూడా అంత పెద్ద విషయం కాదు, తూటాని తిప్పే మెలిక గాడులు లోతుగా ఉంటే నల్లబడ్డ బ్యారెల్ కూడా సూటిగానే కొడుతుంది. నా అసలు సమస్య మూతి దగ్గర. ఈ రైఫిళ్ళని సిపాయిలు తాడుకి గుడ్డ కట్టి లోపల్నుంచి లాగి శుభ్రం చేసేవాళ్ళు. దుమ్ము పట్టిన తాడు ఏళ్ళ తరబడి ఒకే వైపు రాసుకుంటే మూతి కోడిగుడ్డు ఆకారంలో అరిగిపోతుంది. దీనికి చాలా సులువైన పరీక్ష ఉంది. బోల్టు (తూటాని లోపలికి నెట్టి వెనక మూసే కడ్డీ) తీసి పక్కన పెట్టేసి, తుపాకీ మందు, క్యాపు లేని డమ్మీ తూటాని మొన వైపు నుంచి మూతిలో పెట్టండి. మొన కొంత దూరం వెళ్ళి ఆగితే మంచిది, ఇత్తడి గొట్టం అంచు దాకా దిగిపోతే అరిగిపోయినట్టే. నాది దిగిపోయింది. వంద గజాల్లో కాల్చిన తూటాలు పది అంగుళాల వెడల్పున చెదిరాయి, అందులో రెండు అడ్డం తిరిగి కాగితాన్ని చింపాయి.

తర్వాత నేను చేసిన ఘనకార్యం. శుభ్రం చేద్దామని మొదట వెనక చెక్క విప్పబోయాను. వెనక చెక్కని పట్టి ఉంచే పొడవాటి స్క్రూ చివర చదరంగా ఉంటుంది, అది ముందు చెక్కలో ఉన్న ఒక రేకులో కూర్చుని ఉంటుంది. ముందు చెక్క తీయకుండా ఆ స్క్రూ తిప్పితే ముందు చెక్క చీలుతుంది. చీలింది. టప్ అని శబ్దం కూడా వచ్చింది. ఎప్పుడైనా సరే ముందు చెక్కే మొదట తీయాలి. ఆ బాధలో జిగురు పెట్టి, గరుకు కాగితంతో రుద్ది, నూనె పట్టించి కొత్త పెళ్ళికూతురిలా తయారుచేశాను. గన్ షోకి తీసుకెళ్తే ఒక పెద్దాయన తిప్పి చూసి, "ముద్రలన్నీ గీకేశావు, వంద డాలర్లు గీకేశావు" అన్నాడు.

అప్పుడు అర్థమైంది విలువ ఎక్కడుందో. మెరుపులో కాదు. బోల్టు పిడి వెనక, రిసీవర్ (బోల్టు కూర్చునే ఇనుప భాగం) మీద, మూతి దగ్గరి ఇనుప తొడుగు నోస్ క్యాప్ మీద, వెనక సైట్ కింద, చెక్క అడుగున ఒకే నంబర్ ఉందా? కుడి పక్క కిరీటం, జీఆర్ఐ (బ్రిటిష్ రాజు జార్జ్ ముద్ర), ఇషాపూర్, సంవత్సరం చక్కగా కనబడుతున్నాయా? (స్వాతంత్ర్యం తర్వాత వాటిలో కిరీటం పోయి అశోక సింహాలు వచ్చాయి, అవి నాకు ఇంకా ఇష్టం.) దిగుమతి కంపెనీ తన పేరు ఎక్కడ, ఎంత పెద్దగా చెక్కింది? ముందు చెక్కకి రాగి తీగ చుట్టి ఉంటే అది పగిలితే వేసిన కట్టు అనుకోకండి, గ్రెనేడ్లు విసరడానికి వాడిన రైఫిల్ అది. చూడటానికి బాగుంటుంది, చరిత్ర ఉంటుంది, కానీ ఆ పనిలో బాగా దెబ్బలు తిని ఉంటుంది కాబట్టి నేను కొనను.

నంబర్లు కలవడం సేకరణ సరదా మాత్రమే కాదు. బోల్టుని ఏ రైఫిల్‌కి ఆ రైఫిల్‌కి అమర్చుతారు. త్రీ నాట్ త్రీ తూటా వెనక అంచు మీద ఆగుతుంది, ఆ అంచుకీ బోల్టు ముఖానికీ మధ్య ఖాళీ ఎక్కువైతే తూటా వెనక భాగం సాగి తెగిపోతుంది. 0.074 అంగుళాల గేజ్ (ఆ ఖాళీ కొలవడానికి తూటా బదులు పెట్టే కొలత ముక్క) మీద బోల్టు మూసుకుపోతే ఆ రైఫిల్‌ని కాల్చకుండా గన్‌స్మిత్‌కి చూపించండి. కాల్చిన తూటా అడుగు కొంచెం పైన మెరిసే గీత కనబడినా అదే హెచ్చరిక. దీనికి బద్ధకం వద్దు, కంటి దగ్గర పేలే వస్తువు.

రెండోది 1943ది, 210 డాలర్లు, ఈసారి "గుడ్" అని రాసి ఉంది, హ్యాండ్ సెలెక్ట్ లేదు. చెక్క దెబ్బలతో, రంగు పోయి, పాత రోలులా ఉంది. నంబర్లన్నీ కలిశాయి, మూతి పరీక్షలో తూటా సగంలోనే ఆగింది, గేజ్ మీద బోల్టు మూసుకోలేదు. చెక్కని నూనె గుడ్డతో తుడవడం తప్ప ఏమీ చేయలేదు. దాదాపు 4 కిలోల బరువు, పది తూటాల మ్యాగజీన్, బోల్టు మాత్రం వెన్నలా కదులుతుంది. వంద గజాల్లో నాలుగు అంగుళాలు, నా కళ్ళకి అది చాలు. 2000 గజాల దాకా సైట్ మీద అంకెలున్నాయి, ఎవరి కళ్ళని నమ్మి చెక్కారో. తూటా ఒక్కోటి డాలర్ పైనే పడుతోంది, అది అసలు నొప్పి. పాత మిలిటరీ తూటాలు చవగ్గా దొరికితే కాలుస్తాను, కానీ వాటి ప్రైమర్ (తూటా అడుగున నిప్పు పుట్టించే క్యాపు) బ్యారెల్ లోపల ఉప్పు వదులుతుంది, అదే రోజు వేడినీళ్ళు పోసి కడిగి నూనె రాయకపోతే వారంలో తుప్పు.

మొన్న ఇండియా వెళ్ళినప్పుడు మామయ్యకి ఫోన్‌లో ఫోటోలు చూపించాను. యూపీ పోలీసులు 2020 రిపబ్లిక్ డే నాడు ఈ రైఫిల్‌కి వీడ్కోలు చెప్పారని చెప్తే "అన్నేళ్ళు వాడారా!" అన్నాడు. అక్కడ ఈ బోర్ (తూటా సైజు) మామూలు జనానికి నిషిద్ధం, అందుకే అదే ఫ్యాక్టరీ వాళ్ళకి .315 రైఫిల్ చేస్తుంది. నా రెండో రైఫిల్ ఫోటో చాలాసేపు చూసి, "దీనికి గీత పెట్టావా?" అని అడిగాడు.

రెండోదానికి రేంజ్‌లో ఒకాయన 500 ఇస్తానన్నాడు, ఇవ్వలేదు. మొదటిది కావాలంటే 200కి ఇస్తాను, లైసెన్స్ చూపించి తీసుకెళ్ళండి, చెక్క ఎక్కడ చీలిందో వేలు పెట్టి చూపిస్తాను.