రమ్ము పట్టించిన పండ్లతో ఇంటి ఐస్‌క్రీమ్: కొన్నేళ్ల వాడకం తర్వాత నా మాట

పర్లాకిమిడిలో మా ఇంట్లో కొన్నేళ్లుగా రమ్మూ పండ్లూ వేసి ఐస్‌క్రీమ్ చేస్తున్నాను. మొదట ఐసూ ఉప్పూ వేసి చేత్తో తిప్పే బకెట్ మిషను ఉండేది. తర్వాత కరెంటు మిషను కొన్నాం. ఇప్పుడు రెండూ వాడుతున్నాం. వాటి మంచిచెడ్డలు కూడా చెబుతాను కానీ, ఇన్నేళ్లలో నాకు తేలిందేమిటంటే రుచి మిషను మీద కన్నా మద్యం ఎక్కడ పోస్తున్నాం అన్న దాని మీదే ఎక్కువ ఆధారపడుతుంది. చాలామంది పాలలో పోసేస్తారు. పండుకి పట్టించాలి. ఆ ఒక్కటీ కుదిరితే పాత బకెట్‌తో కూడా అద్భుతంగా వస్తుంది. కుదరకపోతే ఎంత ఖరీదైన మిషనైనా జావే చేసి ఇస్తుంది.

కారణం తెలిస్తే కొలత తప్పదు. ఇళ్లలో ఫ్రీజరు మైనస్ 18 డిగ్రీల దగ్గర నడుస్తుంది. నీళ్లు సున్నా దగ్గరే గడ్డకడతాయి, ఆల్కహాలుకి మైనస్ 114 కావాలి. పాలలో కలిసిందంటే ఆ పాలను కూడా తొందరగా గట్టిపడనివ్వదు. పంచదారా ఇదే పని చేస్తుంది గానీ దాని బలం తక్కువ. మన దగ్గర అమ్మే రమ్ము, బ్రాందీ సీసాల మీద 42.8 శాతం అని రాసి ఉంటుంది కదా, ఆ లెక్కన ఒకటిన్నర చిన్న పెగ్గులో, అంటే 45 మిల్లీలీటర్లలో, ఆల్కహాలు 15 గ్రాములుంటుంది. గడ్డకట్టకుండా అడ్డుపడటంలో ఆ 15 గ్రాములు సుమారు 110 గ్రాముల పంచదారతో సమానం. అందుకే లీటరు మిశ్రమానికి ఒక పెద్ద పెగ్గు, 60 మిల్లీలీటర్లు, దాటనివ్వను. అదీ పండులోకి వెళ్తేనే. పాతపట్నం నుంచి మా బావగారు వచ్చినప్పుడల్లా "ఇంకో పెగ్గు పడితే ఏటవుద్దమ్మా" అని అడుగుతారు. "స్కూపుకి రాదండీ బావగారూ, గ్లాసులో పోసి ఇవ్వాల్సొస్తుంది" అంటాను.

పాలకి చెడు చేసే ఈ గుణమే పండుకి మేలు చేస్తుంది. పండు ముక్కలో ఎక్కువ భాగం నీళ్లే. దాన్ని అలాగే ఐస్‌క్రీమ్‌లో వేస్తే గులకరాయిలా గడ్డకట్టి పళ్లు జివ్వుమంటాయి, నాలుకకి రుచి అందదు. అదే ముక్కని పంచదారలో, రమ్ములో రాత్రంతా ఊరనిస్తే లోపలి నీరు కొంత బయటికొచ్చి పంచదార, ఆల్కహాలు లోపలికి పోతాయి. ఇక ఫ్రీజరులో ఎన్నాళ్లున్నా ముక్క మెత్తగానే ఉంటుంది. చుట్టూ పాలు గట్టిగా నిలబడతాయి, కొరికినప్పుడు మాత్రమే రమ్ము ఘాటు తెలుస్తుంది. కిస్మిస్‌ని రమ్ములో నానబెట్టి వేసే పాత పద్ధతి వెనుక ఉన్న కిటుకు ఇదే. మన పండ్లకి కూడా అది అంత బాగా పనిచేస్తుంది.

నేను చేసే తీరు ఇది. లీటరు గేదె పాలు ముప్పావు లీటరయ్యేదాకా సన్న సెగ మీద మరిగిస్తాను. ఒక పెద్ద చెంచా కార్న్‌ఫ్లోర్ చల్లటి పాలలో కలిపి అందులో పోసి, 120 గ్రాముల పంచదార, చిటికెడు ఉప్పు వేస్తాను. మద్యం లేని ఐస్‌క్రీమ్‌కైతే పంచదార 150 గ్రాములు పడుతుంది. ఇక్కడ ముక్కల్లోనూ పంచదార, రమ్ము ఉంటాయి కాబట్టి తగ్గించాలి. చల్లారాక 200 మిల్లీలీటర్ల ఫ్రెష్ క్రీమ్. దుకాణాల్లో దొరికే క్రీమ్‌లో కొవ్వు 25 శాతం. ఐస్‌క్రీమ్ అని పేరు పెట్టి అమ్మాలంటే పాల కొవ్వు కనీసం 10 శాతం ఉండాలని మన ఆహార భద్రతా నిబంధన, ఈ కొలత కూడా దాదాపు అక్కడికే వస్తుంది. ఇదంతా రాత్రంతా ఫ్రిజ్‌లో ఉండాల్సిందే. గోరువెచ్చని పాలు మిషనులో పోస్తే ఆ రోజు పని చెడినట్టే. పక్కనే గాజు సీసాలో 200 గ్రాముల పండు ముక్కలు, రెండు పెద్ద చెంచాల పంచదార, ఆ పెద్ద పెగ్గు రమ్ము. మర్నాడు ముక్కల్ని వడకట్టి, మిషను ఆపడానికి ఇంకో రెండు నిమిషాలుందనగా వేస్తాను. మిగిలిన రసం పాలలో వంపను. వడ్డించేటప్పుడు పైన ఒక్కో చెంచా పోస్తాను, అది కావాలని అడిగేవాళ్లే ఎక్కువ.

పండ్లలో నా మొదటి ఓటు అనాసకే. వానలు మొదలయ్యే రోజుల్లో మన గజపతి జిల్లా కొండల మీది నుంచి సంతకి వచ్చే అనాస చిన్నదే గానీ వాసన గది నిండుతుంది. అయితే దీన్ని పచ్చిగా వాడకూడదు. అనాసలో బ్రోమెలైన్ అనే ఎంజైము ఉంటుంది. అది పాలలోని ప్రోటీనును ముక్కలు చేసేస్తుంది. కాసేపటికే మిశ్రమం చేదెక్కుతుంది, నాలుక చివర పట్టుకుంటుంది. వేడి తగిలితే ఆ ఎంజైము పనిచేయదు. అందుకని ముక్కలకి పంచదార పట్టించి మూకుడులో బాగా కుతకుత ఉడికే వరకు, ఐదారు నిమిషాలు ఉంచి దించుతాను. పూర్తిగా చల్లారాకే రమ్ము. వేడి మీద పోస్తే వాసన ఆవిరైపోతుంది, డబ్బు పెట్టి కొన్నది ఆ వాసన కోసమే కదా. ఉడికిన అనాసలో పంచదార కొంచెం ఎర్రబడితే ఆ పాకం రుచీ, బెల్లపు మడ్డి నుంచి పుట్టిన రమ్ము రుచీ ఒకదానికొకటి అతికినట్టు కుదురుతాయి. మా ఇంట్లో వేరే ఏ రకం చేసినా చివరికి "అనాసది ఎప్పుడు?" అనే అడుగుతారు.

పనస తొనలు రెండో స్థానంలో ఉన్నాయి. కొందరు మొదటి స్థానం దానికే ఇస్తారు, వాళ్లతో వాదించను. పనస వాసనకీ రమ్ము వాసనకీ మూలం ఎస్టర్లు అనే పదార్థాలే, అందుకే ఆ రెండూ అంత తేలిగ్గా కలుస్తాయి. గట్టి తొనలు తీసుకుని సన్నగా చీరాలి. మెత్తటి తొనలు పీచుపీచుగా పళ్ల సందుల్లో ఇరుక్కుంటాయి. ఎండు ఇప్పపువ్వు కూడా వేసి చూడండి. వేసవి మొదట్లో కొండ ఊళ్ల వాళ్లు ఏరి ఎండబెట్టి అమ్ముతారు. దుమ్ము పోయేలా రెండు మూడు నీళ్లలో కడిగి, లోపలి కేసరాలు తీసేసి, తడి ఆరాక రమ్ములో నానబెడితే కిస్మిస్ కన్నా లోతైన తీపి వస్తుంది. దాని వాసన అందరికీ పడదు. మా వదినగారు గిన్నె దగ్గరికే రారు. నాకు మాత్రం మన నేల వాసన ఉన్న ఐస్‌క్రీమ్ అంటే ఇదే.

నేరేడుకి రమ్ము వద్దు, జిన్ను గానీ వోడ్కా గానీ పెట్టండి. వగరూ పులుపూ ఉన్న గుజ్జు కాబట్టి వేడి పాలలో వేస్తే విరిగిపోతాయి, రెండూ చల్లగా ఉన్నప్పుడే కలపాలి. సువర్ణరేఖ మామిడికి రమ్ము బరువైపోతుంది. వోడ్కా ఒక చిన్న పెగ్గు చాలు. సీతాఫలాన్ని వదిలేయండి. వేడి చేస్తే చేదెక్కుతుంది, మద్యం కలిస్తే ఆ సున్నితమైన వాసన కనబడకుండా పోతుంది. జీడిమామిడి పండు మీద నాకు చాలా ఆశ ఉండేది. పలాస వైపు తోటల్లో గింజ తీసుకుని పండు వదిలేస్తుంటారు, గోవాలో అదే పండుతో ఫెనీ అనే మద్యం కాస్తారు కదా అని. ఉప్పు వేసి ఆవిరి పట్టినా గొంతులో ఆ వగరు పూర్తిగా పోలేదు. ప్రస్తుతానికి దాన్ని సిఫారసు చేయలేను.

మద్యం విషయానికొస్తే ముదురు రంగు రమ్ముని మించింది లేదు. చల్లదనంలో నాలుకకి తీపీ వాసనా రెండూ తక్కువగా తెలుస్తాయి, కాబట్టి గట్టి వాసన ఉన్నదే నిలుస్తుంది. మా ఇంట్లో వాడేది ఓల్డ్ మాంక్, 1954 నుంచి ఉన్న రకం. వెనీలా వాసన ముందే ఉంటుంది కాబట్టి విడిగా ఎసెన్స్ వేయను. చవక బ్రాందీలో ఎసెన్సు వాసన ఫ్రీజరులో పెట్టాక ఇంకా పైకి తేలుతుంది. బీరు, వైను అయితే వాటిలో నీళ్లే ఎక్కువ, ఐసు పలుకులు పడతాయి. ఇక నాటుసారా ఎంత మంచిదని ఎవరు చెప్పినా వద్దు. దాని బలం ఎంతో తెలియదు, లోపల మిథనాల్ అనే విషం ఉందో లేదో కంటికి కనబడదు. లైసెన్సు ఉన్న దుకాణంలో సీలు సీసా కొనండి.

ఇప్పుడు మిషన్లు. కరెంటు మిషనులో గిన్నె గోడల మధ్య గడ్డకట్టే ద్రవం ఉంటుంది. ముందురోజే గిన్నెని ఫ్రీజరులో పెట్టాలి, ఊపి చూస్తే లోపల గలగల వినబడకూడదు. ఒంటి తలుపు ఫ్రిజ్ ఉన్నవాళ్లు ఇది కొనకండి, పైనున్న చిన్న ఫ్రీజరులో గిన్నె సరిగ్గా గడ్డకట్టదు. గిన్నెలో దాచుకున్న చల్లదనం ఎంతో అంతే, అయిపోతే మళ్లీ నింపలేం. మా దగ్గర మే నెలలో మధ్యాహ్నం తిప్పితే ఇరవై నిమిషాలకే చల్లదనం దిగిపోతుంది. తెల్లవారుజామున చేస్తాను. ఆ గిన్నెలో మొదటే మద్యం పోస్తే ఎందుకు గట్టిపడదో దీన్నిబట్టి అర్థమవుతుంది. తిప్పే ప్లాస్టిక్ రెక్క అరిగిపోయి పళ్లు జారాయి. దాని బదులు రెక్క తెప్పించడానికి కంపెనీ వాళ్లకి చేసిన ఫోన్లకి లెక్క లేదు, వేసవి మొత్తం మిషను మూలనే ఉంది. అప్పటి నుంచి బకెట్‌కి మళ్లీ గౌరవం వచ్చింది.

బకెట్‌కి కావాల్సింది ఐసూ ఉప్పూ చేతి బలమూ. చేపల మార్కెట్లో ఐసు గడ్డలు దొరుకుతాయి, ఆ ఐసు, పాలు పోసిన డబ్బాకి బయటే ఉంటుంది కాబట్టి ఇబ్బంది లేదు. ఉప్పుకేం కొదవ, నౌపడ కొఠార్లు పక్కనే. మూడు పాళ్ల ఐసు పలుకులకి ఒక పాలు కల్లుప్పు వేస్తే మైనస్ 20 దాకా దిగుతుంది. తగ్గితే ఇంకాస్త వేసుకోవచ్చు, కరెంటు పోయినా ఆగదు. మద్యం పట్టించిన పండ్లకి ఈ అదనపు చలి చాలా ఉపయోగం. డబ్బా మూత అంచుకి ఉప్పునీళ్లు రాకుండా చూసుకోవడం ఒక్కటే టెన్షన్. మూత తీసే ముందు చుట్టూ బట్టతో శుభ్రంగా తుడవాలి.

నిల్వ దగ్గర బయట దొరికేదానితో పోల్చకండి. వారం, పది రోజుల్లో తినేయాలి. కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ కరిగి మళ్లీ గడ్డకట్టి పలుకులు పెద్దవవుతాయి. అందుకే పెద్ద డబ్బా కాకుండా చిన్న స్టీలు డబ్బాల్లో, పైన బటర్ పేపర్ అద్ది, ఫ్రీజరు వెనక వైపు పెడతాను. బయటికి తీశాక మామూలు ఐస్‌క్రీమ్ కన్నా తొందరగా కరుగుతుంది. కప్పుల్ని కూడా ముందే ఫ్రీజరులో పెట్టండి.

పిల్లలున్న ఇంట్లో రెండు డబ్బాలు విడిగా చేసి పేరు రాసి పెట్టడం తప్పనిసరి. వందేసి గ్రాముల కప్పు తింటే వెళ్లే ఆల్కహాలు సుమారు రెండు గ్రాములే, అయినా గర్భిణులకి, మద్యం పడని మందులు వాడుతున్నవాళ్లకి, మానేసినవాళ్లకి చెప్పకుండా పెట్టకూడదు. "ఉడికించారు కదా, పోయుంటుంది" అనే మాట నమ్మొద్దు. పావుగంట ఉడికించినా సుమారు 40 శాతం మిగులుతుందని అమెరికా వ్యవసాయ శాఖ పట్టికలో ఉంది, మనం రమ్ముని అసలు ఉడికించడమే లేదు. మా అత్తయ్యగారికి అదే అనాస పాకం, రమ్ము లేకుండా, సన్నగా తురిమి పాలలోనే కలిపి చేస్తాను. ముక్కలు ఉండవు కాబట్టి గడ్డకట్టే బాధ లేదు.

ఇప్పుడు కొత్తగా కొనేవాళ్లు అడిగితే బకెట్ మిషనే చెబుతాను, తిప్పడానికి ఇంట్లో మరో మనిషి ఉంటే. కరెంటుదే కావాలంటే, డబ్బు కట్టే ముందు రెక్క విడిగా దొరుకుతుందో లేదో దుకాణంలో గట్టిగా అడిగి, వీలైతే ఒకటి అదనంగా అప్పుడే కొని పెట్టుకోండి.