పాత ఇంటి గోడకి సున్నమా, సిమెంటా?

రాజమండ్రి ఇన్నీసుపేటలో పద్దెనిమిదేళ్లు తాళం పడి ఉన్న మా తాతగారి మండువా ఇంటిని బాగు చేయించడం మొదలుపెట్టినప్పటి నుంచీ నన్ను అందరూ అడిగేది ఇదే. అమలాపురం నుంచి ఒకరు, నరసాపురం నుంచి ఒకరు, మొన్న మా వీధి చివరి పెద్దాయన: "గోడలన్నీ పెచ్చులూడిపోయాయి బాబూ, సిమెంటు చేయించెయ్యమంటావా, సున్నమే పెట్టించమంటావా?"

ఖర్చు, పనివాళ్లు, మన్నిక అన్నీ చూసుకోవలసినవే. కానీ మన గోదావరి జిల్లాల్లో దీన్ని తేల్చేది నెమ్మే.

ఆ రోజుల్లో కట్టిన గోడల కింద నెమ్మును ఆపే పొర ఉండదు. కింద ఒండ్రు నేల, నీళ్లు పైపైనే. దానికి తోడు రోడ్లు. మా చిన్నప్పుడు మూడు మెట్లెక్కితే గాని అరుగు మీదికి చేరేవాళ్లం కాదు. రోడ్డు మీద రోడ్డు వేసుకుంటూ వచ్చేసరికి ఇప్పుడు ఒక్క మెట్టే మిగిలింది. వానాకాలం నీళ్లు పునాదిని ఆనుకునే నిలుస్తాయి. ఆ తడిని ఇటుక పీల్చి పైకి లాగుతుంది. సున్నం పూత అయితే దాన్ని ఎప్పటికప్పుడు ఆవిరిగా బయటికి వదిలేస్తుంది. సిమెంటు ఆ దారి మూసేస్తుంది. దారి మూసినంత మాత్రాన తడి ఆగదు, పూత లేని చోటు దొరికేదాకా పైకెక్కుతూ పోతుంది.

ఇది మా ఇంట్లోనే చూశాను. ముందుగది అద్దెకిద్దామని బాబాయి అప్పట్లో దానికొక్కదానికీ మోకాలెత్తు వరకు సిమెంటు చేయించారు. ఇప్పుడు తలుపు తీసి చూస్తే ఆ గదిలో నెమ్ము ఛాతీ ఎత్తుకు ఉంది. సున్నం పూతే ఉన్న పక్క గదిలో జానెడు దాటలేదు. ముందుగది ద్వారబంధం అడుగు చివికిపోయింది, తాతగారి టేకు! సిమెంటు పెచ్చు ఊడదీస్తుంటే ఇటుక ముఖం కూడా దానితోనే ఊడి వచ్చింది. పాత ఇటుక మెత్తన. దాని మీద దానికంటే గట్టి పూత వేస్తే చివరికి దెబ్బతినేది ఇటుకే.

సున్నానికి బలం చాలదనేవాళ్లకి ధవళేశ్వరం చూపిస్తాను. 1852లో పూర్తయిన కాటన్ దొర ఆనకట్ట సున్నంతో కట్టిందే. కొత్త బ్యారేజీ వచ్చేదాకా నూట పాతికేళ్ల వరదల్ని కాచింది.

సిమెంటుకీ న్యాయం చెప్పాలి. మేస్త్రి ఎక్కడైనా దొరుకుతాడు, పది రోజుల్లో పని తేలిపోతుంది. స్నానాలగది, వంటింటి సింకు దగ్గర నేనూ అదే వాడాను. స్లాబు ఇళ్లకి రెండో ఆలోచన అక్కర్లేదు. సున్నం అలా కాదు. నాకు మూడున్నర నెలలు పట్టింది, ఖర్చు రెట్టింపు దాటింది. పని తెలిసిన మేస్త్రి గారి కోసం నెల తిరిగాను. సున్నాన్ని గోతిలో మూడు వారాలు నానబెట్టించారాయన. ఒక పాలుకి మూడు పాళ్లు జల్లించిన గోదావరి ఇసుక, కరక్కాయ నానిన నీళ్లు, కాస్త బెల్లం. "తొందరపడితే గోడే చెబుతుందండీ" అని ఒక్కో పూతకీ పదేసి రోజులు ఆపారు. ఆ ఆగడమే నాకు అన్నిటికంటే కష్టమైంది, చూసుకుంటే ఎక్కడా నెర్రె లేదు.

నెమ్ము కనబడకుండా గోడకి టైల్స్ అంటించడం, వాటర్‌ప్రూఫ్ రసాయనం పుయ్యడం రెండూ సిమెంటు దారే. ఇల్లు పడగొట్టి బిల్డరుకి ఇచ్చేద్దామనుకునేవాళ్లకి ఈ ప్రశ్నే రాదు.

సున్నానికే మొగ్గితే రెండు మాటలు. ముందు పెంకులు సరిచేయించి, గోడ పక్కన నీళ్లు కాలవలోకి పోయేలా చేసుకోండి. కార్తీకం వెళ్లాక మొదలుపెడితే ఉగాది ఎండలు ముదరకముందే ఆఖరి పూత పడుతుంది. ఎండలో సున్నం త్వరగా ఆరిపోయి బీటలిస్తుంది. అన్నీ అయ్యాక పుట్టీ పెట్టి ప్లాస్టిక్ పెయింటు వెయ్యమని ఎవరైనా అంటే మాత్రం ఒప్పుకోకండి, అదీ గోడ ఊపిరి మూసేదే. వెల్లే వేయించండి. మా ఇంటికి మొన్న సంక్రాంతికి రెండోసారి వేయించాను.