ఎముక తరిగిన భుజానికి కీలు మార్పిడి: 5 ఏళ్ల తర్వాత నా అనుభవం

కీలు అరుగుదలతో పాటు ఎముక కూడా తరిగిపోయిన నా కుడి భుజానికి రివర్స్ షోల్డర్ రీప్లేస్‌మెంట్ చేయించుకుని 5 ఏళ్లు దాటింది. మోకీలు మార్పిడి గురించి చెప్పేవారు మనకు ప్రతి వీధిలోనూ ఉన్నారు గానీ, భుజం సంగతి అనుభవంతో చెప్పగలవారు అప్పట్లో నాకు ఒక్కరూ దొరకలేదు. అందుకే వివరంగా రాస్తున్నాను.

జబ్బ ఎముక పైనుండే గుండ్రని తల, రెక్క ఎముకకున్న లోతు తక్కువ గిన్నెలో తిరుగుతుంది. డాక్టర్లు ఆ గిన్నెను గ్లినాయిడ్ అంటారు. గుజ్జు అరిగిపోయి ఎముకను ఎముక రాసుకోవడంతో నా గ్లినాయిడ్ వెనుక అంచు తరిగి, అక్కడ రెండో పల్లం ఏర్పడింది. ఫ్రెంచ్ సర్జన్ జిల్ వాల్ష్ పేరుతో వాడుకలో ఉన్న వర్గీకరణలో దీన్ని బీ2 అంటారు. మొదట చూపించుకున్న ఆసుపత్రిలో ఎక్స్‌రే ఒక్కటే చూసి మామూలు మార్పిడి చేస్తామన్నారు. రెండోచోట సీటీ స్కాన్ తీయించి, కంప్యూటర్‌లో త్రీడీ బొమ్మ తయారుచేసి, ఎముక ఏ వైపు ఎంత పోయిందో నాకు చూపించారు. ఎముక తరుగుదల ఉందన్న అనుమానమున్నప్పుడు సీటీ స్కాన్ లేకుండా ఆపరేషన్‌కు ఒప్పుకోవద్దని నేను గట్టిగా చెబుతాను.

మామూలు మార్పిడిలో గ్లినాయిడ్‌కు ప్లాస్టిక్ కప్పు అతికిస్తారు. కింద ఎముక ఆసరా సరిగా లేకపోతే అది క్రమంగా వదులయ్యే ప్రమాదముంది. రివర్స్ పద్ధతిలో బంతిని రెక్క ఎముకకు, కప్పును జబ్బ ఎముకకు అమరుస్తారు. 1980లలో ఫ్రాన్స్‌లో పాల్ గ్రామాంట్ దీనికి రూపమిచ్చినప్పుడు రొటేటర్ కఫ్ కండరాలు (భుజం కీలును చుట్టి పట్టి ఉంచేవి) తెగిపోయినవారిని దృష్టిలో పెట్టుకున్నారు. ఇందులో చేతిని ఎత్తే భారమంతా దాదాపు భుజం పైన కప్పినట్టుండే డెల్టాయిడ్ కండరమే మోస్తుంది. నాకు ఆపరేషన్‌లో తీసేసిన ఎముక తల నుంచే ఒకవైపు మందంగా ఉండే ముక్క కోసి, తరిగిన చోట పెట్టి, దాని మీద లోహపు పలకను స్క్రూలతో బిగించారు. అది పాత ఎముకతో కలిసిపోయిందని తర్వాతి పరీక్షల్లో తేలింది. ఇలా ఎముక పెట్టడానికి బదులు ఒకవైపు మందంగా చేసిన లోహపు పలకలూ ఉన్నాయి.

నొప్పి విషయంలో నాకు ఎలాంటి ఫిర్యాదూ లేదు. ఆ పక్కకు ఒత్తిగిలితే చాలు మెలకువ వచ్చేసే రాత్రులు పూర్తిగా పోయాయి, ఈ ఒక్కదానికే ఆపరేషన్ చేయించుకోవచ్చు. తొలి 6 వారాలు చేయి స్లింగ్‌లోనే ఉంది. కుర్చీలోంచి లేచేటప్పుడు ఆ చేతిని వెనక్కి పెట్టి ఆనుకోవద్దన్నారు, ఎందుకంటే కీలు తప్పేది ఎక్కువగా ఆ భంగిమలోనే. నీళ్ల బిందెలు, గ్యాస్ సిలిండర్ ఇప్పటికీ ముట్టుకోను. ఫిజియోథెరపీలో తొందరపడకూడదు, భుజం కొసన కొత్తగా నొప్పి మొదలైతే అక్కడి ఎముక చిట్లిందేమోనని వెంటనే చూపించుకోవాలి.

ఇప్పుడు చేయి తల దాటి పైకి లేస్తుంది. జడ వేసుకుంటాను, పై అరలోని డబ్బాలు అందుకుంటాను, పిండి కలుపుతాను. వెనక్కి మాత్రం పోదు. ఆ చేతి బొటనవేలు పిరుదు దాటి నడుము దాకా రాదు కాబట్టి, చీర కుచ్చిళ్లు ముందు సులువుగానే దోపుకుంటున్నా, వెనుక నడుము దగ్గర మడత సర్దాలంటే ఎడమ చేతి సాయం కావాలి. ఈ పరిమితి రివర్స్ కీలుతో చాలామందికి ఉంటుంది, వ్యాయామంతో కొంతే తగ్గుతుంది.

ఎడమ భుజానికి చేయించుకోబోయేవారు దీన్ని మరింత శ్రద్ధగా ఆలోచించాలి. మరుగుదొడ్డిలో కడుక్కోవడానికి మనం వాడేది ఆ చేతినే. అడగడానికి మొహమాటపడి ఊరుకోకుండా, ఆ చేయి వెనక్కి ఎంతవరకు వెళ్లగలదో సర్జన్‌ను నేరుగా అడగండి. జెట్ స్ప్రే బిగించుకోవడం, కుడి చేతితో అలవాటు చేసుకోవడం వంటివి ఆపరేషన్‌కు ముందే పూర్తిచేసుకుంటే, చేయి కదపరాని ఆ తొలి వారాల్లో ఇంకొకరి సాయం కోసం ఎదురుచూడాల్సిన అవసరం ఉండదు.