28 గళ్ల మాత్రల డబ్బా: అమ్మకి బాగానే పనికొచ్చింది, ఆ మూతలే బాగోలేదు

అమ్మకి బీపీ, షుగర్, థైరాయిడ్ మూడూ ఉన్నాయి, నేనేమో వేరే ఊళ్లో, అందుకే ఆన్‌లైన్‌లో ఈ డబ్బా తెప్పించాను. రోజుకి నాలుగు గళ్లు, వారానికి సరిపోతుంది. గడి ఖాళీగా ఉంటే వేసుకున్నట్టే, వీడియో కాల్‌లో చూపించమంటే నాకూ తెలిసిపోతుంది, "వేసుకున్నానో లేదో" అన్న టెన్షన్ పోయింది.

కానీ మూతల మీద ఇంగ్లిష్ పొడి అక్షరాలు! మంగళవారానికీ గురువారానికీ ఒకటే 'టి', శని ఆదివారాలకి ఒకటే 'ఎస్', పెద్దవాళ్లకి ఎలా తెలుస్తుందండీ? ప్లాస్టర్ ముక్కలు అంటించి సోమ, మంగళ అని మార్కర్‌తో రాశాం. పైగా మూతలు మహా బిగుతు, వేళ్ల నొప్పులున్నవాళ్లకి కష్టమే.

అన్ని మాత్రలూ ఇందులో పోసేయకండి. థైరాయిడ్ మాత్రకి తేమ, వెలుతురు పడవు, అది సీసాలోనే ఉంచాం, పరగడుపున కాఫీ కంటే ముందే వేసుకోవాలి కాబట్టి ఆ సీసా మంచం పక్కనే ఉంటుంది. మిగతావాటికి మందుల షాపులో అడిగి చూడండి.

అలారం లేదు. రాత్రి మాత్రకి మా ఇంట్లో సీరియలే అలారం. నింపే పని ప్రతి ఆదివారం చెల్లిది. 5కి 3 స్టార్లు.