కేఎక్స్112: రెండు ఎండాకాలాలు తొక్కాక

మట్టిలో తొక్కే మోటోక్రాస్ బండి కవాసాకి కేఎక్స్112 కొన్నాక రెండు ఎండాకాలాలు గడిచాయి. బండి బ్రహ్మాండం. కానీ షోరూమ్ నుంచి తెచ్చిన బండీ, ఇప్పుడు నేను తొక్కుతున్న బండీ ఒకటి కాదు. మన ఎండకి, మన పెట్రోలుకి, తొక్కే మనిషి బరువుకి కుదుర్చుకునేదాకా ఇది సగం బండే. ఆ కుదుర్చుకోవడమే సరదా అనుకునేవాళ్లు కళ్లు మూసుకుని కొనొచ్చు. పొద్దున సర్వీసుకి ఇచ్చి సాయంత్రం తెచ్చుకుందాం అనుకునేవాళ్లకి మాత్రం ఇది వద్దు.

112 సీసీ టూ స్ట్రోక్ ఇంజిన్, లిక్విడ్ కూలింగ్, ఆరు గేర్లు, కార్బురేటర్. కిక్ మాత్రమే, సెల్ఫ్ లేదు. లైట్లు, హారన్, స్పీడోమీటర్ ఏవీ ఉండవు. బరువు 77 కిలోలు, సీటు ఎత్తు 870 మిల్లీమీటర్లు. పెద్ద మోటోక్రాస్ బండ్లు ఎక్కడానికి ముందు పిల్లలు తొక్కడం కోసం చేసిన బండి ఇది. నేను ఐదడుగుల ఐదంగుళాలు, అరవై కిలోలకి కాస్త అటూ ఇటూ, కాబట్టి నాకూ సరిపోయింది. మా మేనల్లుడికైతే కొలత తీసి కుట్టించినట్టే ఉంది. ఆరడుగుల మనిషి ఎక్కితే మోకాళ్లు హ్యాండిల్‌కి తగులుతాయి. నేను కొన్నప్పుడు ఎక్స్ షోరూమ్ ధర ఐదు లక్షలకి కాస్త తక్కువ. "ఆ డబ్బుకి మంచి రోడ్డు బండి రాదా?" అని ఇంట్లో అడిగారు. వస్తుంది. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు, ఇప్పటికీ.

రిజిస్ట్రేషన్ ఉండదు కాబట్టి కాలనీలో ఒక రౌండు కూడా వేయకూడదు. పిల్లాడి చేతికిచ్చి రోడ్డు మీదకి పంపితే, 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం పెద్దవాళ్లకి 25 వేల జరిమానా, మూడేళ్ల దాకా జైలు. అందుకని బండి కంటే ముందు తొక్కే చోటు చూసుకోవాలి. మాకు హైదరాబాద్ పక్కన శంకర్‌పల్లి దాటాక బాబాయ్ వాళ్ల పొలం పక్కన బీడు ఉంది. ఎర్రమట్టి, మొరం, మధ్యమధ్య గుండ్లు. టాటా ఏస్ మాట్లాడుకుని, ముందు ఫోర్కులు పూర్తిగా నొక్కుకుపోకుండా చక్రానికీ ఫెండర్‌కీ మధ్య ఒక చెక్కముక్క పెట్టి, రెండు పట్టీలతో బిగించి తీసుకెళ్తాం. పెట్రోల్ ట్యాప్ కట్టేయడం మరవొద్దు. మరిస్తే గతుకుల రోడ్డు మీద కార్బురేటర్ పొంగి, దిగాక కిక్ కొట్టి కొట్టి కాలు నొప్పెట్టడమే.

ఏ కంపెనీ మోటోక్రాస్ బండైనా కొత్తగా వచ్చినప్పుడు బేరింగుల్లో గ్రీజు పొదుపుగానే ఉంటుంది. మొదటిసారి స్టార్ట్ చేయకముందే స్టీరింగ్ హెడ్, స్వింగ్ ఆర్మ్, వెనక షాక్ కింది లింకేజీ మూడూ విప్పి గ్రీజు దట్టించాం. రాణిగంజ్ వెళ్లి ఒక టార్క్ రెంచ్, టీ స్పానర్లు, వాటర్‌ప్రూఫ్ గ్రీజు డబ్బా తెచ్చుకుంటే ఆ పని ఇంట్లోనే ఒక ఆదివారంలో అయిపోతుంది. మొదటి కొన్ని రైడ్లలో స్పోకులు సాగుతాయి, గుర్తు పెట్టుకోండి. చిన్న స్పానర్‌తో ఒక్కోదాన్నీ తట్టి చూడాలి. బిగుతుగా ఉన్నది టింగ్ అంటుంది, వదులైనది టక్ అని ఊరుకుంటుంది. రిమ్ లాక్ (టైరు రిమ్ మీద జారకుండా పట్టే బిగింపు) దగ్గరి స్పోకులు ముందు వదులవుతాయి. వెనక స్ప్రాకెట్ బోల్టులు కూడా అంతే. టైర్లలో గాలి 12 నుంచి 15 పీఎస్ఐ చాలు. పంక్చర్ షాపులో అలవాటు కొద్దీ ముప్పై కొట్టేస్తారు. మన గేజి మన దగ్గరే ఉండాలి.

ఇక అసలు కథ పెట్రోలు, ఆయిలు.

ఆర్‌ఎక్స్100 నడిపినవాళ్లకి టూ స్ట్రోక్ అంటే పక్కన వేరే ఆయిల్ ట్యాంకు గుర్తొస్తుంది. అందులో పోస్తే పంపే చూసుకునేది. ఇక్కడ పంపు లేదు. ముషీరాబాద్‌లో మా పాత ఆర్‌ఎక్స్ మెకానిక్ బండి చుట్టూ ఒక తిరుగు తిరిగి, "ఇంజన్ గదే లెక్కనే ఉన్నదన్నా, ఆయిల్ మాత్రం నీ చెయ్యితోనే కలపాలె. మర్సినవనుకో, పిస్టన్ పోతది" అన్నాడు. మాన్యువల్ చెప్పే లెక్క 32:1. అంటే ఐదు లీటర్ల పెట్రోలుకి 156 మిల్లీలీటర్ల ఆయిల్. మెడికల్ షాపులో 50 మిల్లీల సిరంజి దొరుకుతుంది. సూది తీసేసి మూడుసార్లు నిండుగా, నాలుగోసారి ఆరు గీత దాకా లాగి క్యాన్‌లో కొడితే సరిపోతుంది. తర్వాత క్యాన్ బాగా ఊపాలి. వారం నిలవున్న క్యాన్‌ని మళ్లీ ఊపకుండా పోయకూడదు.

ఆటోల కోసం అమ్మే చవక టూటీ ఆయిల్ దీనికి పనికిరాదు. డబ్బా మీద జాసో (జపాన్ ఆయిల్ ప్రమాణం) ఎఫ్‌డీ గ్రేడు ఉన్న సింథటిక్ చూసుకోవాలి. "ఇంకొంచెం ఎక్కువ పోస్తే ఇంజిన్‌కి మంచిదే కదా" అనే సలహా దారిన పోయే ప్రతివాడూ ఇస్తాడు. ఆయిల్ పెరిగితే కార్బురేటర్‌లో జెట్ అనే సన్నని రంధ్రంలోంచి దిగేదాంట్లో పెట్రోలు వాటా తగ్గుతుంది, మిశ్రమం లీన్ (గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ) అవుతుంది. పొగ ఎక్కువ కనిపిస్తుంది కాబట్టి రిచ్ (పెట్రోలు ఎక్కువ) అయిందని మనం పొరబడతాం. ఒక నిష్పత్తి పట్టుకుంటే దాన్నే పట్టుకుని, సర్దుబాట్లన్నీ కార్బురేటర్‌లో చేసుకోవాలి.

ఇప్పుడు బంకుల్లో పోసేది ఈ20, అంటే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. పెట్రోలు పూర్తిగా కాలడానికి దాని బరువుకి 14.7 రెట్ల గాలి కావాలి. ఇథనాల్‌కి 9 రెట్లు చాలు. అదే జెట్‌లోంచి అంతే ఇంధనం దిగితే ఈ20తో ఇంజిన్ లీన్‌గా నడుస్తుంది. ఇంజెక్షన్ బండ్లలో సెన్సర్లు కొంత సర్దుకుంటాయి. కార్బురేటర్‌కి ఆ తెలివి లేదు. ఇంకోవైపు హైదరాబాద్ సముద్రమట్టానికి ఐదువందల మీటర్ల పైన ఉంది, మే నెలలో నలభై దాటిన ఎండ. గాలి పలచబడి అదే బండి రిచ్ వైపు లాగుతుంది. ఈ రెండింటి మధ్య బండి ఎటు ఉందో ప్లగ్గు విప్పి చూస్తే తప్ప తెలియదు. పింగాణీ భాగం లేత గోధుమరంగులో ఉంటే బాగున్నట్టు. తెల్లగా పాలిపోతే లీన్, నల్లగా తడిగా ఉంటే రిచ్.

నేను చివరికి ఇథనాల్ కలపని 100 ఆక్టేన్ పెట్రోలుకి, అంటే ఇండియన్ ఆయిల్ వాళ్ల ఎక్స్‌పీ100కి మారాను. ధర మామూలు పెట్రోలుకి సుమారు ఒకటిన్నర రెట్లు, అన్ని బంకుల్లోనూ దొరకదు. ట్యాంకే ఐదు లీటర్లు కాబట్టి ఖర్చు భరించొచ్చు. ఆక్టేన్ కోసం కాదు, ఇథనాల్ బాధ తప్పుతుందని. ఇథనాల్ తేమని పీల్చుకుంటుంది. వానాకాలంలో మూడు వారాలు బండి ముట్టుకోకపోతే ఫ్లోట్ బౌల్ (కార్బురేటర్ కింద పెట్రోలు నిలిచే గిన్నె) అడుగున నీటి బొట్లు, పైలట్ జెట్ రంధ్రంలో జిగురు. పైలట్ జెట్‌లో ఉండే రంధ్రం వెంట్రుకంత. అది మూసుకుపోతే బండి చోక్ మీద తప్ప నిలబడదు. ఏ పెట్రోలైనా సరే, ఇంటికి తెచ్చాక ట్యాప్ కట్టేసి బౌల్ ఖాళీ చేయడం నా అలవాటు.

పెట్రోలు మారగానే బండి రిచ్ అయింది. సగం ఆక్సిలరేటర్ దగ్గర బొబొబొ అని ముక్కుతూ, ఆపైన ఒక్కసారిగా తేరుకునేది. సైలెన్సర్ జాయింట్ దగ్గర నల్లటి జిడ్డు కారేది. ఇక్కడ ఏది ఎక్కడ పనిచేస్తుందో తెలిస్తే సగం టెన్షన్ పోతుంది. ఆక్సిలరేటర్ పావు వంతు దాకా పైలట్ జెట్, ఎయిర్ స్క్రూ. పావు నుంచి ముప్పావు దాకా నీడిల్, అంటే ఆక్సిలరేటర్‌తోపాటు పైకి లేచే సూది. ఆపైన మెయిన్ జెట్. సమస్య మధ్యలో ఉంది కాబట్టి నీడిల్ క్లిప్‌ని ఒక గాడి పైకి మార్చాను. క్లిప్ పైకి వెళ్తే నీడిల్ కిందికి దిగుతుంది, పెట్రోలు తగ్గుతుంది. అంతే, ముక్కడం పోయింది. డిసెంబరు చలిలో తెల్లవారుజామున తొక్కేటప్పుడు మళ్లీ పాత గాడికే తెస్తాను. ఆక్సిలరేటర్ వదిలినా ఇంజిన్ మోత వెంటనే దిగకుండా గాల్లో తేలుతోందంటే లీన్ అయినట్టే. అలాంటప్పుడు ఆ రోజుకి తొక్కడం ఆపి సరిచేసుకోవాలి. రిచ్ అయితే ప్లగ్గు పోతుంది, లీన్ అయితే పిస్టన్ పోతుంది.

సస్పెన్షన్ పెద్ద చదువేమీ కాదు, టేపు ఉంటే చాలు. వెనక చక్రం ప్రయాణం 275 మిల్లీమీటర్లు. మనం హెల్మెట్, బూట్లతో సహా ఎక్కి నిలబడినప్పుడు అందులో మూడో వంతు, అంటే తొంభై దగ్గర దిగాలి. బండి స్టాండు మీద ఉన్నప్పుడు యాక్సిల్ నుంచి ఫెండర్ మీద ఒక గుర్తు దాకా కొలుస్తాం, ఎక్కాక మళ్లీ కొలుస్తాం. తేడాయే శాగ్. నాకు ఎక్కువ దిగింది, షాక్ మీది రింగు తిప్పి స్ప్రింగ్ బిగించాల్సి వచ్చింది. మేనల్లుడు ఎక్కితే అదే సెట్టింగ్‌లో బండి బిర్రబిగుసుకుపోతుంది. "మామా, రాయి మీద ఎక్కితే వెనక టైరు నన్ను తంతోంది" అని వాడి ఫిర్యాదు. అక్క నెయిల్ పాలిష్‌తో రింగు మీద రెండు గుర్తులు పెట్టాం, ఎరుపు నాది, గులాబీ వాడిది. నాకంటే బాగా బరువున్నవాళ్లు రింగు బిగిస్తూ పోవడం వల్ల లాభం లేదు, గట్టి స్ప్రింగులే వేయించుకోవాలి.

తొక్కడం ఎలా ఉంటుందంటే, కింది ఆర్‌పీఎంలో ఏమీ లేదు. రోడ్డు బండి అలవాటున్నవాళ్లు మొదటి పది నిమిషాలు "ఇంతేనా" అంటారు. తర్వాత పవర్ వాల్వ్ (ఆర్‌పీఎం పెరిగితే ఎగ్జాస్ట్ దారిని పెద్దది చేసే తలుపు) తెరుచుకునే చోటికి వస్తుంది ఇంజిన్, వెనక టైరు మట్టి చిమ్ముతుంది, చేతులు సాగుతాయి. ఆ శబ్దం వింటే ఆర్‌ఎక్స్ తరం వాళ్లకి వయసు తగ్గుతుంది, అది వేరే విషయం. ఇంజిన్ బ్రేకింగ్ దాదాపు ఉండదు. దిగుడులో బ్రేకుల మీదే భారం. క్లచ్ మీద ఒక వేలు ఎప్పుడూ ఉండాల్సిందే. బరువు లేకపోవడం మాత్రం వరం. గుండ్ల మధ్య పడిపోతే ఒంటిచేత్తో లేపి మళ్లీ బయల్దేరొచ్చు, ఎండలో పెద్ద ఫోర్ స్ట్రోక్ బండి లేపినవాళ్లకి ఈ సుఖం విలువ తెలుస్తుంది.

రేడియేటర్‌కి ఫ్యాన్ లేదు, మోటోక్రాస్ బండ్లకి ఉండదు. గాలి తగిలేలా వేగంగా పోతే ఇబ్బంది లేదు. మేలో పదకొండు దాటాక మొదటి గేర్లో రాళ్లెక్కిస్తూ కూర్చుంటే కూలెంట్ పొంగి గొట్టంలోంచి బయటికొస్తుంది. ఎండాకాలం మేం పొద్దున తొమ్మిదిన్నరకల్లా ముగించేస్తాం.

ఎయిర్ ఫిల్టర్ గురించి ఎంత చెప్పినా తక్కువే. మా బీడులో ఎర్ర దుమ్ము పౌడర్‌లా ఉంటుంది, ఇద్దరు వెనకా ముందూ తొక్కితే వెనకవాడి ఫిల్టర్ ఒక్క పూటలో ఇటుక రంగుకి వస్తుంది. ప్రతి రైడ్ తర్వాత ఉతకాలి. పెట్రోలుతో కడిగితే ఫోమ్ అతుకులు ఊడతాయి, ఫిల్టర్ క్లీనర్ లేకపోతే గిన్నెల సబ్బు నీళ్లు మేలు. పూర్తిగా ఆరాక ఫిల్టర్ ఆయిల్ పట్టించి, అంచుకి గ్రీజు రాసి పెడతాను. పెట్టేముందు తెల్ల గుడ్డతో ఇన్‌టేక్ గొట్టం లోపల తుడుస్తాను. గుడ్డ మీద కొద్దిగా ఎరుపు కనిపించినా ఫిల్టర్ సరిగ్గా కూర్చోలేదని అర్థం. ఆ దుమ్ము నేరుగా సిలిండర్‌లోకే పోతుంది.

గేర్‌బాక్స్ ఆయిల్ వేరు. జాసో ఎంఏ గ్రేడు 10డబ్ల్యూ-40 పోస్తాను, తొందరగా మారుస్తాను, అందులో చెప్పుకోదగ్గదేం లేదు. బూట్లు, మోకాలి రక్షణ దగ్గర పిసినారితనం వద్దు.

ప్లగ్గు వైరుకి చుట్టుకునే చిన్న అవర్ మీటర్ మొదటి రోజే పెట్టించుకోండి. ఈ బండి వయసు కిలోమీటర్లలో కాదు, గంటల్లో. ముప్పై గంటలు దాటాక కిక్ కొంచెం తేలికైనట్టు అనిపించింది, అంటే కంప్రెషన్ తగ్గుతోంది. పిస్టన్, రింగులు, పిన్ను, దాని బేరింగు మార్చాం. పాత పిస్టన్ పక్కన సన్నని నిలువు గీతలు తప్ప మరేం లేవు. పవర్ వాల్వ్ మీద మాత్రం నల్లటి కార్బన్ పొర కట్టింది, అది గీకి శుభ్రం చేశాం. ముషీరాబాద్ అన్న అలవాటు కొద్దీ "బోర్ కొట్టిద్దాం, ఓవర్‌సైజ్ ఏద్దాం" అన్నాడు. ఆర్‌ఎక్స్‌కి అది సరే. దీని అల్యూమినియం సిలిండర్ లోపల గట్టి పూత ఉంటుంది. బోర్ కొడితే ఆ పూత పోతుంది, మళ్లీ వేయించడం ఇక్కడ తేలికైన పని కాదు. పుత్లీబౌలీలో ఆర్‌ఎక్స్ సామాను కుప్పలుగా దొరుకుతుంది, దీనికి ప్లగ్గూ చైనూ తప్ప ఏదీ దొరకలేదు. ఆర్డర్ పెట్టిన స్పేర్స్ రావడానికి వారాలు పడుతుంది. అందుకే పిస్టన్ కిట్ ఒకటి, గాస్కెట్ సెట్ ఒకటి, క్లచ్, బ్రేక్ లీవర్లు రెండేసి ఇంట్లో ఎప్పుడూ ఉంచుతున్నాను. కొనేవాళ్లు వీటిని బండితోపాటే ఆర్డర్ పెట్టేయండి. లీవర్ మొదటి నెలలోనే విరుగుతుంది.