శుభలేఖ ముక్కలు, డ్రా.ఐఓ: ఫారం కట్టేముందు దారులు గీసుకున్న నాలుగేళ్ల అనుభవం

విశాఖలో మా మిత్రబృందం ఏటా మధురవాడ, ఎం.వి.పి. కాలనీ, గాజువాకల్లో రక్తదాన శిబిరాలు పెడుతుంది. పేర్ల నమోదుకు గూగుల్ ఫారం వాడతాం. మొదటి ఏడాది దాన్ని నేనే ఒక రాత్రిలో కట్టేశాను. తీరా శిబిరం రోజున, ఎండలో రెండు బస్సులు మారి వచ్చిన ఇంటర్ విద్యార్థికి ఇంకా 18 ఏళ్లు నిండలేదని బల్ల దగ్గర తేలింది. ఫారంలో వయసు అడిగాను గానీ, నిండనివారిని ఎటు పంపాలో ఆలోచించలేదు. చిన్నబోయిన ఆ అబ్బాయి ముఖం ఇప్పటికీ గుర్తుంది.

అప్పటి నుంచి ముందు నేల మీద పని మొదలుపెడుతున్నాను. పాత శుభలేఖలను ముక్కలుగా కత్తిరించి, ఒక్కో ముక్క వెనుక ఒక్కో ప్రశ్న రాసి పరుస్తాను. ఏ జవాబు నుంచి ఏ ముక్కకు వెళ్లాలో సుద్దతో గీతలు గీస్తాను. గీత లేకుండా మిగిలిన జవాబు ఉంటే, అక్కడ ఎవరో ఒకరు దారి తప్పుతారన్నమాట.

ఈ పద్ధతి వల్ల నాకు జరిగిన పెద్ద మేలు ఒకే ఒక్క ప్రశ్న దగ్గర కనిపించింది. రక్తం ఇచ్చాక మళ్లీ ఇవ్వడానికి పురుషులకు 90 రోజులు, స్త్రీలకు 120 రోజులు గడవాలి. అందుకని ఫారంలో స్త్రీలకొక సెక్షన్ (విడి పేజీ), పురుషులకొక సెక్షన్ పెట్టి, చివరిసారి ఎప్పుడు ఇచ్చారన్న ప్రశ్నే రెండింట్లోనూ అడిగేవాణ్ణి. జవాబులు చేరే షీటులో అది రెండు నిలువు వరుసలుగా చీలిపోయేది. కలుపుకోలేక తల వాచిపోయేది. ముక్కలు పరిచి చూస్తే, అడిగే వరుసే తప్పని అర్థమైంది. ఇప్పుడు ముందుగా ‘రక్తం ఇచ్చి ఎన్నాళ్లయింది?’ అని అడుగుతున్నాను. జవాబులు నాలుగు: ఇదే మొదటిసారి, మూడు నెలలలోపు, మూడు నుంచి నాలుగు నెలలు, నాలుగు నెలలు దాటింది. స్త్రీయా పురుషుడా అన్న తేడా మూడో జవాబు ఇచ్చినవారికి మాత్రమే కావాలి. రెండు సెక్షన్లు పోయి ఒక చిన్న ప్రశ్న మిగిలింది.

గూగుల్ ఫారం లక్షణాలు కూడా ముక్కల మీదే రాసుకోవాలి. జవాబును బట్టి దారి మళ్లించడం ఒకే జవాబు ఎంచుకునే ప్రశ్నకు, డ్రాప్‌డౌన్‌కు (నొక్కితే జాబితా తెరుచుకునే ప్రశ్నకు) మాత్రమే కుదురుతుంది. ఒకటికి మించి జవాబులు ఎంచుకోగల చెక్‌బాక్సులకు, తేదీకి, అంకె టైపు చేసే ప్రశ్నకు కుదరదు. అందుకే వయసు అంకెగా అడగడం మానేసి, ‘18 లోపు, 18 నుంచి 65, 65 దాటింది’ అని ఇచ్చాను. బరువు 45 కిలోలకు తగ్గకూడదు కాబట్టి దానికీ అదే పద్ధతి. ఇంకో గోతిలో నేను రెండుసార్లు పడ్డాను: సెక్షన్ చివర ఎటు వెళ్లాలో చెప్పకపోతే ఫారం వరుసలో తర్వాత ఉన్న సెక్షన్‌కే తీసుకుపోతుంది, అది ఆ మనిషికి సంబంధించినదైనా కాకపోయినా.

రెండేళ్లుగా, ముక్కలతో తేల్చుకున్న దారుల చివరి పటాన్ని డ్రా.ఐఓ అనే పటాలు గీసే వెబ్‌సైట్‌లో గీస్తున్నాను. ఉచితం, ఖాతా అక్కర్లేదు, ఫైలు మన కంప్యూటర్‌లోనే దాచుకోవచ్చు. గడిని జరిపితే దానికి తగిలించిన బాణాలు కూడా జరగడం చాలా సుఖం. ఫోనులో మాత్రం గీయడం కష్టమే. ఇక గీసిన పటం ఫారంగా మారదు. ప్రతి దారినీ మళ్లీ చేత్తో కట్టి, ఒక్కొక్కటీ నింపి చూసుకోవాల్సిందే.

అయినా ముక్కలను వదలలేదు. పటాన్ని పంపితే అందరూ ‘బాగుంది’ అని ఊరుకుంటారు. అదే నేల మీద పరిస్తే చుట్టూ కూర్చుని చేయి పెడతారు. గాజువాకలో ఉక్కు కర్మాగారం షిఫ్టులకు వెళ్లేవారు ఉదయం పది గంటలకు రాలేరని, ఏ శిబిరమో తెలిశాకే సమయం అడగాలని సమయం ముక్కను శిబిరం ముక్క తర్వాతకు జరిపింది మా బృందంలోని ఒక అక్క. నేను ఒక్కడినే గీసిన మూడు పటాల్లోనూ అది నా కంటికి ఆనలేదు.

చీలికలు లేని ఐదారు ప్రశ్నల ఫారానికి ఇంత శ్రమ వద్దు. మూడు దారులు దాటితే మాత్రం ఒక సాయంత్రం దీనికి కేటాయించండి.